పట్టుకో, వస్తా

మేల్‌మలై,
12 ఫిబ్రవరి 1962.

అక్క ఆదిశేషమ్మకు,

కొండమీద రెండు దుప్పట్లు కప్పుకుని, కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని నీ తమ్ముడు మాల్యాద్రి రాస్తున్న సంగతులు.

పండగ పోయినప్పటి నుంచీ ఉత్తరం లేదని నువ్వు నన్ను తిడుతూ ఉంటావని తెలుసు. తిట్టు, కానీ ముందు ఇది చదువు. నా పని ఖాయం చేశారు. ఇక్కడి బోటు హౌసులో ఇక నేను పడవ నడిపే మనిషిని. పులికాట్ సరస్సులో పుట్టిపెరిగినవాడని చెప్పగానే మేనేజరు ఇంకేమీ అడగలేదు.

ఈ ఊరి చెరువు కొండల నడుమ ఉంది. దొరల కాలంలో ఒక లోయకు అడ్డంగా కట్ట వేసి నీళ్లు నింపారట. చుట్టూ గుట్టలు, వాటి మీద పొడుగాటి చెట్లు. పొద్దున మంచు దిగిందంటే అవతలి ఒడ్డు కనిపించదు. వేసవి వస్తే మద్రాసు నుంచీ బెంగుళూరు నుంచీ జనం దిగుతారట. బంగారం లాంటి ఇళ్లు వదిలిపెట్టి వచ్చి గట్టు మీద గుడారాలు వేసుకుని పడుకుంటారు. వీపున మూటలు కట్టుకుని శిఖరం దాకా నడుస్తారు, పైన గాలి తప్ప ఏమీ లేదని చూసుకుని దిగివస్తారు. ఆ తర్వాత పడవలెక్కుతారు, ఈత పందేలు వేసుకుంటారు. ఇదంతా సంతోషం కోసమే అక్కా. వాళ్ల గుడారాలు మొయ్యడానికీ, దారి చూపడానికీ, పడవ తిప్పడానికీ మాకు జీతం.

నవ్వొచ్చే సంగతి ఒకటి. చేరిన కొత్తలో ఒకరోజు పడవ ఒక పక్కకు ఒరిగి నీళ్లు పట్టింది. నా కాలు దానంతట అదే అంచు దాటి బయటికి పోయింది. మన దగ్గర పడవలోకి నీళ్లొస్తే దిగి నిలబడి అంచు పట్టుకుంటాం కదా, ఆ అలవాటు. పక్కనున్న అరవ పడవాయన నా మొలతాడు పట్టుకుని వెనక్కి లాగి పడేశాడు. మోకాలి దాకా మునిగింది అంతే, సాయంత్రం దాకా ఆ కాలు నాది కానట్టే ఉంది, అంత చలి నీళ్లు. ఆయన నన్ను చాలాసేపు తిట్టాడు. తడ దగ్గర పుట్టినవాణ్ణి గనక ప్రతి తిట్టూ అర్థమయింది.

ఏప్రిల్, మే నెలలకు ఇంకొక మనిషి కావాలంటున్నారు. నేను బావ పేరు చెప్పాను. వేసవిలో మన నీళ్లలో ఏముంది, బురద తప్ప? గంగులయ్య బావను పంపించు. తిండి వాళ్లే పెడతారు.

నీ తమ్ముడు,
మాల్యాద్రి.


చినతోట కుప్పం, తడ,
25 ఫిబ్రవరి 1962.

తమ్ముడు మాల్యాద్రికి,

ఇక్కడ అందరం వేళకింత తింటున్నాం, నువ్వూ తింటున్నావని నమ్మి అక్క దీవించి రాస్తున్నది.

ఉత్తరం వస్తే కుప్పమంతా మన గడపలో కూర్చుంటుందని నీకు తెలుసు. ఐదో తరగతి చదివిన పాపానికి అందరి ఉత్తరాలూ నేనే చదవాలి, నాకొచ్చినవి కూడా అందరికీ చదవాలి. నీ కాలు జారిన ముచ్చటకు ఆడవాళ్లు నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నారు. మీ బావ రెండుసార్లు చదివించుకున్నాడు. నవ్వలేదు. మొలతాడు పట్టుకుని లాగారా అని అడిగాడు, అదీ తన మనిషిని ఎవరో అవమానించినట్టు.

మీ బావ సంగతి నీకు తెలియనిది కాదు. ఆయన సగం బతుకు పడవలో, సగం పడవ పక్కన నీళ్లలో. మేమిద్దరం తడ సంతకు పడవ మీద పోతామా, పడవ ఇసక తట్టినా, గాలికి నీళ్లు పట్టినా, ముందు తువ్వాలు విప్పుతాడు. బీడీలూ అగ్గిపెట్టే అందులో పెట్టి ముడేసి నా చేతికిస్తాడు. 'పట్టుకో, వస్తా' అంటాడు. దిగుతాడు, నడుములోతున నిలబడి పడవను భుజంతో సరిచేస్తాడు, ఎక్కి నా చేతిలోంచి మూట లాక్కుని బీడీ ముట్టిస్తాడు. పెళ్లాం తడిసి ముద్దయినా పరవాలేదు, బీడీలకు చెమ్మ తగలకూడదు. పదేళ్ల కాపురంలో ఆ మూట ఎన్నిసార్లు పట్టుకున్నానో.

ఇక్కడ ముఖద్వారం ఇసకతో పూడింది. సముద్రం నీళ్లు లోపలికి రావడం లేదు. ఉన్న నీళ్లు ఎండి ఒడ్డున ఉప్పు తేలింది. పడవ ఎక్కి కూర్చునేంత నీళ్లు కూడా లేవు, దాన్ని తోసుకుంటూ నడవడమే. అయినా ఆయన్ను పంపను. నువ్వు ఊరికి రావడం ఇష్టంలేక మీ బావను అక్కడికి లాగుతున్నావు. ఆయన వస్తే ఇంక నీకు ఊరెందుకు? నా ఉద్దేశం ఇది. తప్పయితే తప్పని రాయి.

నీ అక్క,
ఆదిశేషమ్మ.


మేల్‌మలై,
8 మార్చి 1962.

అక్కకు,

తిట్లు అందాయి. కొండమీద చలికి అవే కాస్త వెచ్చగా ఉన్నాయి. నిన్ను తప్పించుకోవడానికి నేను బావను పిలవలేదు. ఒంటరిగా ఉండలేక పిలిచాను. మన మాట మాట్లాడే మనిషి లేడిక్కడ.

అయితే నవ్వొచ్చే సంగతి అని రాయడం నా తప్పు. కుప్పమంతా నిజంగానే నవ్వింది. అందుకని ఈసారి నవ్వకుండా రాస్తున్నాను. బావ వచ్చినా రాకపోయినా ఇది ఆయనకు చదివి వినిపించు.

ఈ చెరువుకు రేవు దాటితే నేల లేదు. ఇది లోయ. చెట్లు కొట్టకుండానే నీళ్లు వదిలారట, ఎండ బాగా కాసిన రోజు పడవలోంచి చూస్తే కింద కొమ్మలు కనిపిస్తాయి. నేలకు గుచ్చి తోసే గెడ ఇక్కడ పనికిరాదు, తెడ్లతోనే నడపాలి. మన ఉప్పునీళ్లు మనిషిని కొంచెమైనా పైకి నెడతాయి. ఇవి నెట్టవు. చలికి ఊపిరి బిగుసుకుపోతుంది. ఈత బాగా వచ్చినవాళ్లే మొదటి క్షణంలో నోరు తెరిచి నీళ్లు మింగడం నేను చూశాను. పడవకు ఏం జరిగినా సరే, బల్ల మీద కూర్చుని అంచు పట్టుకోవాలి. దిగకూడదు. ఈ ఒక్క మాట బావ మనసుకు పట్టేట్టు చెప్పు. ఆయనకు అది కష్టమని నాకు తెలుసు. పట్టకపోతే రావద్దని చెప్పు.

నీ తమ్ముడు,
మాల్యాద్రి.


చినతోట కుప్పం,
20 మార్చి 1962.

తమ్ముడు మాల్యాద్రికి,

ఇక్కడ తింటున్నాం. నువ్వు తింటున్నావో, గొప్పలతోనే కడుపు నింపుకుంటున్నావో తెలియదు.

నీళ్లలో ఎలా ఉండాలో మీ బావకు నువ్వు నేర్పుతావా? మా పెళ్లికి ఎంతో ముందే, నీకు నడక రాకముందే నిన్ను మెడ మీద ఎక్కించుకుని నీళ్లలో తిప్పినవాడు. రావద్దని చెప్పు అంటావా? పిలిచింది నువ్వే, వద్దంటున్నదీ నువ్వే. ఇప్పుడు నాకు సంగతి అర్థమయింది. అక్కడ మద్రాసు దొరబాబుల ముందు, చొక్కా లేని చదువురాని బావ నీకు సిగ్గయిపోయాడు. పిలిచాక ఆలోచన వచ్చింది నీకు.

ఉత్తరం మాత్రం అక్షరం వదలకుండా చదివాను. మా మామ రమణయ్య కూడా విన్నాడు. అంతా విని మీ బావ ఒక్క మాట అన్నాడు.

"నేల లేని నీళ్లు యాడన్నా ఉంటాయా? అడుగుంటాదిలే. వాడికి కాలు పొట్టి."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత ఆయన గూట్లోంచి తన చొక్కా తీసి ఉతకమని నాకిచ్చాడు. మొదట పంపనన్నది నేనే. నీ ఉత్తరం చదివాక నేనే పొమ్మన్నాను. మా ఆయన అంటే ఏమిటో నీకూ, నీ మేనేజరుకూ తెలియాలి. ఏప్రిల్ మొదటివారంలో బయల్దేరతాడు. స్టేషనుకు మనిషిని పంపించు, బోర్డులు చదవలేడు. ఆ సంగతి నలుగురిలో అనకు.

నీ అక్క,
ఆదిశేషమ్మ.


మేల్‌మలై,
10 ఏప్రిల్ 1962.

అక్కకు,

బావ చేరాడు. బస్సు కొండ మలుపులు తిరుగుతుంటే కడుపులో తిప్పి, దిగగానే రాయి మీద కూర్చున్నాడు. కళ్లు తెరిచి చెరువును చూశాడు. చిన్నదేనే అన్నాడు. నువ్వన్నట్టు నేనేం సిగ్గుపడలేదు. నా పక్కనే పడుకుంటున్నాడు, నా గ్లాసులోనే కాఫీ తాగుతున్నాడు. అలాంటి మాట ఇంకెప్పుడూ రాయకు, బాధ వేసింది.

మర్నాడు పొద్దున్నే మోకుకు రాయి కట్టి నన్ను పడవలో నడిమికి తీసుకుపొమ్మన్నాడు. రాయి వదిలాడు. మోకు పోతూనే ఉంది. మొత్తం అయిపోయి చివర ఆయన వేలికి చుట్టుకుంది, రాయి నేలకు ఆనలేదు. నేను నవ్వుతాడనుకున్నాను. మోకు పైకి లాగుతూ ఆయన ముఖం తడుముకున్నాడు. మళ్లీ ఇంకో చోట వేశాడు, అక్కడా అంతే. ఒడ్డుకొచ్చాక, నువ్వు చెప్పింది నిజమేరా అన్నాడు. నాకు మనసు కుదుటపడింది.

మొన్న శిఖరం మీదికి పోయే గుంపుకు ఇద్దరం గుడారాలు మోశాం. బావ చెప్పులు లేకుండా అందరికంటే ముందు ఎక్కాడు. పైన నిలబడి, ఇంత కష్టపడి ఎక్కి వీళ్లు ఏం పట్టుకుపోతారని అడిగాడు. గాలి అని చెప్పాను. చలి మాత్రం ఆయనకు పడటం లేదు, దగ్గుతున్నాడు. మేనేజరు తన పాత మిలట్రీ కోటు ఇచ్చాడు. మోకాళ్ల దాకా ఉంటుంది, బరువు. అది తొడుక్కున్న మనిషిని చూస్తే నువ్వు గుర్తుపట్టవు.

బావ రాయమన్నది: వలలు ఎలుకలు కొట్టకుండా చూసుకో, అమ్మాయికి తల దువ్వు, మా నాయన్ను అర్ధాకలితో ఉంచకు.

నీ తమ్ముడు,
మాల్యాద్రి.


చినతోట కుప్పం,
22 ఏప్రిల్ 1962.

తమ్ముడు మాల్యాద్రికి,

తింటున్నాం. మా మామను అర్ధాకలితో ఉంచడం లేదని మీ బావకు చెప్పు. ముసలాయనే సరిగా తినడం లేదు.

రాయి నేలకు ఆనలేదని చదివితే గడపలో ఎవరూ నవ్వలేదు. మా మామ మాత్రం లేచి నిలబడ్డాడు. "కొలిచినాడా? అట్టయితే ఇంక వాడికి భయముండదు," అన్నాడు. మంచిదే కదా మామా అంటే పడవ దగ్గరికి పోయి కూర్చున్నాడు. ఎండిన నేల మీద పడవ, అందులో ముసలాయన. చూడటానికి నాకు బాగుండలేదు.

నేను నిన్నన్న మాటకు బాధపడకు. కోపంలో అన్నాను. కోపంలోనే ఆయన్ను పంపాను కూడా. ఇప్పుడు ఇల్లు వెలితిగా ఉంది. ఆయన మాటలన్నీ నీ చేతిరాతలో వస్తున్నాయి. దగ్గు ఎక్కువైనా నువ్వు రాయవేమోనని అనుమానంగా ఉంటోంది. ఆ కోటు పొద్దస్తమానం ఒంటి మీద ఉంచుకోమను. పడవలో కూడా విప్పవద్దని నా మాటగా చెప్పు.

కామమ్మకు వాళ్ల నాన్న నీళ్లలో దిగినప్పుడల్లా కాలితో తడిమి ఒక గవ్వో, చిప్పో తెచ్చిస్తాడు కదా. ఈసారి కొండచెరువు అడుగు నుంచి రాయి తేవాలట. ఉత్తరంలో రాయమని నా పక్కనే కూర్చుంది. రాశాను, కానీ నువ్వు ఆయనకు చదవకపోయినా పరవాలేదు. పిల్లకు గట్టు మీది రాయి తెచ్చి అడుగుదని చెప్పండి.

నీ అక్క,
ఆదిశేషమ్మ.


మేల్‌మలై,
4 మే 1962.

అక్కకు,

వేసవి జనంతో గట్టంతా గుడారాలే. పొద్దున లేస్తే పొయ్యిల పొగ, పిల్లల కేకలు. మధ్యాహ్నం దాటితే మాత్రం రోజూ కొండల వెనక మబ్బు కడుతోంది. లోయలోంచి గాలి ఒక్కసారిగా లేస్తుంది, పది నిమిషాల్లో పోతుంది. ఆ గాలికి తెడ్డు నిలవదు. మబ్బు చూడగానే పడవలు తెచ్చేయమని మేనేజరుకు చెప్పాం. జనం వినరు. వానలో చెరువు ఇంకా బాగుంటుందట.

బావ తెడ్లు బాగా పట్టుకున్నాడు. అందరూ ఆయన పడవే కావాలంటున్నారు. కుదుపు లేకుండా నడుపుతాడని పేరు. కోటు విప్పడం లేదు, నీ మాట చెప్పాను. కామమ్మ రాయి సంగతి కూడా చదివాను, చదవకుండా ఉండాల్సింది. ఆయన నవ్వి, దాని కోరిక చిన్నదేనా అన్నాడు. ఆ సాయంత్రం పడవలు కట్టేశాక రేవు చివర నిలబడి నీళ్లలోకి చూస్తూ ఉండిపోయాడు.

నిన్న రేవు దగ్గర పడవ కాస్త ఒరిగింది. బావ కాలు తడిసింది. ఏమీ కాలేదు, అక్కడ మెట్లున్నాయి. ఎవరో చెప్పి నీకు ఇంకోలా తెలియకూడదని రాస్తున్నాను.

బావ రాయమన్నది: ఈ నెలాఖరుకు వస్తాను, కంగారు పడవద్దు. మా నాయనకు కొండ తేనె తెస్తాను.

నీ తమ్ముడు,
మాల్యాద్రి.


చినతోట కుప్పం,
15 మే 1962.

తమ్ముడు మాల్యాద్రికి,

తిన్నామో లేదో అడగకు. నీ ఉత్తరం ఇప్పుడే అందింది. అందులో ఒక్క మాట తప్ప నాకేమీ కనిపించడం లేదు.

కాలు తడిసింది అంటే ఏమిటి? పడవలో కూర్చున్న మనిషి కాలు ఎందుకు తడుస్తుంది? నీ కాలు బయటికి పోయినప్పుడు, పోయింది అని రాశావు. మీ బావ దగ్గరికి వచ్చేసరికి తడిసింది అని రాశావు. నువ్వు దాచి రాస్తున్నావని నాకు తెలుసు. మెట్లుండబట్టి సరిపోయింది. రాయి వేసి చూశాడు, నేల లేదని తలకు తెలిసింది. కాలికి తెలియలేదు. ఆ కాలు ముప్పయ్యేళ్లుగా ఒక్కటే నేర్చుకుంది.

నెలాఖరు వద్దు. ఈ ఉత్తరం అందిన రోజే బయల్దేరదీయి. నాకు ఆరోగ్యం బాగాలేదని చెప్పు. మా మామ మంచాన పడ్డాడని చెప్పు. ఏ అబద్ధం కావాలంటే అది చెప్పు, నేను ఒప్పుకుంటాను. ఆయన అలిగితే ఇక్కడికొచ్చి నా మీద అలగమను.

ఇక్కడ పొద్దుటి నుంచీ గాలి లేదు. సరస్సు పళ్లెంలో పోసినట్టు కదలకుండా ఉంది. మొన్న పెట్టె సర్దుతుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. వెళ్లేటప్పుడు రైలు పెట్టె మెట్టు మీద నిలబడి అలవాటు కొద్దీ తువ్వాలు మూట నాకివ్వబోయాడు. మళ్లీ నవ్వి మొలలో దోపుకున్నాడు. ఈసారి నా చేతిలో ఏమీ పెట్టకుండా పోయాడు మాల్యాద్రీ. చాదస్తమని నువ్వు నవ్వుతావు. నవ్వు, కానీ మనిషిని పంపించు.

నీ అక్క,
ఆదిశేషమ్మ.


మేల్‌మలై,
27 మే 1962.

అక్కకు,

టెలిగ్రాంలో రెండు మాటలకంటే ఎక్కువ రాయలేకపోయాను. నువ్వు పదిహేనో తేదీన రాసిన ఉత్తరం, బావను మట్టిచేసి వచ్చిన రోజున నా చేతికి అందింది. ఈ ఉత్తరం, టెలిగ్రాం చూసి ఇక్కడికి వచ్చిన రమణయ్య మామ చేతికిచ్చి పంపుతున్నాను. ఆయన ఇక్కడ ఎవరితోనూ మాట్లాడలేదు. అక్కడా మాట్లాడలేడేమో. అందుకని జరిగింది నేనే రాస్తాను.

అది కూడా పదిహేనో తేదీనే. మధ్యాహ్నం మబ్బు కట్టింది. నేను వచ్చేశాను. బావ పడవలో నెల్లూరు నుంచి మద్రాసు పోయి స్థిరపడిన ఒక కుటుంబం ఉంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక ముసలామె. చెరువు నడుమ ఉండగా గాలి లేచింది. పిల్లలు భయపడి తల్లి వైపుకు లేచారు, పడవ ఒరిగి నీళ్లు పట్టింది. ఇంకొక్కసారి ఒరిగితే అందరూ పోయేవారు. నేను గట్టు మీద నుంచి చూస్తున్నాను. దిగవద్దు బావా అని అరిచాను. గాలికి నా అరుపు నాకే వినపడలేదు.

బావ లేచి వెనక వైపు నుంచి దిగాడు. దూకలేదు అక్కా, దిగాడు. బరువు తగ్గి పడవ పైకి లేచి సర్దుకుంది. ఆ పెద్దమనిషి తెడ్లు పట్టుకున్నాడు, ముసలామె చెంబుతో నీళ్లు తోడింది. అందరూ ఒడ్డుకు చేరారు. బావ చెయ్యి ఒక్కసారి పడవ అంచు మీద కనిపించింది. తర్వాత కనిపించలేదు. నేనూ అరవ పడవాయనా వెళ్లి చీకటి పడేదాకా వెతికాం. తర్వాత ఎప్పటికో కింది కొమ్మల్లో కోటు చిక్కుకుని దొరికాడు.

ఇక్కడ అందరూ ఆయన్ను దేవుడంటున్నారు. లోతు తానే కొలిచిన మనిషి, నేల లేదని తెలిసీ ఐదు ప్రాణాల కోసం దిగాడని చెప్పుకుంటున్నారు. ఆ ఇల్లాలు నా చేతులు పట్టుకుని ఏడ్చింది. దిగేముందు ఆయన తన తువ్వాలు మూట ఆమె చేతిలో పెట్టాడట. ఇంటివాళ్లకు చేర్చమని ఆఖరుగా అప్పగించాడని ఆమె అంటోంది. ఒడ్డుకొచ్చేదాకా గుండెకు హత్తుకునే ఉంది. అది నీకు చెందాలని నేను విప్పలేదు. మామకు ఇచ్చాను.

తెలిసే దిగాడని నేనూ నమ్ముతున్నాను. అలా నమ్మితేనే నాకు నిద్ర పడుతోంది. ఆ కుటుంబమూ బోటు హౌసువాళ్లూ కలిసి రేవు దగ్గర రాయి నాటిస్తారట. 'పరుల కోసం తెలిసి ప్రాణమిచ్చిన గంగులయ్య' అని అరవంలోనూ తెలుగులోనూ చెక్కిస్తామంటున్నారు. నీ మాట కోసం ఆగారు.

నిన్ను ఏమని ఓదార్చాలో తెలియని
మాల్యాద్రి.


చినతోట కుప్పం,
12 జూన్ 1962.

తమ్ముడు మాల్యాద్రికి,

పిల్ల తింటోంది. మామకు నేను కలిపి పెడుతున్నాను. నువ్వు తిను.

మూట విప్పాను. గడపలో అందరూ కూర్చునే ఉన్నారు. ఏదో ఉంటుందని మెడలు చాచారు. ఏముంటుంది, సగం కట్ట బీడీలు, అగ్గిపెట్టె. ఎక్కడా చెమ్మ లేదు. ఒక పుల్ల గీశాను, మొదటి గీతకే అంటుకుంది. అది వేలు కాలేదాకా పట్టుకుని ఆర్పేశాను. ఆ ఇల్లాలు జాగ్రత్త గల మనిషి.

అందరూ లేచి పోయాక మామ దగ్గర కూర్చుని, ఆమె చెప్పినదాంట్లో ఇంకేమైనా ఉందా అని అడిగాను. వచ్చినప్పటి నుంచీ ఆయన నోరు విప్పడం అదే మొదలు. ఆ తల్లి తనకూ చెప్పిందన్నాడు. మూట చేతిలో పెట్టి మీ బావ అన్న మాట చెప్పిందట.

"పట్టుకోమ్మా, వస్తా."

మాల్యాద్రీ, నేను నీకు మొదటి ఉత్తరంలోనే రాశాను. నువ్వూ చదివావు. చదివి కూడా నీకు తట్టలేదు, ఎందుకంటే నీకు నిద్ర పట్టాలి. తిరిగి ఎక్కనని తెలిసినవాడు బీడీలు తడవకుండా దాచుకుంటాడా? కోటు కూడా విప్పలేదు. తన ఒంటి మీద కోటుందని ఆయనకు గుర్తులేదు. ఆ క్షణంలో ఆయన మీ కొండమీద లేడు. ఇక్కడ, మన నీళ్లలో, నా పక్కన ఉన్నాడు. పడవ నీళ్లు పట్టింది, మూట చేతికిచ్చాడు, నిలబడదామని దిగాడు. ఎక్కి బీడీ ముట్టిద్దామనుకున్నాడు.

తెలిసి ప్రాణమిచ్చాడంటే నాకు కోపం వచ్చింది. కన్న కూతుర్ని వదిలి ఎవరి పిల్లల కోసమో ఎలా ఇస్తాడని రోజుల తరబడి ఆయన్ను తిట్టాను, చచ్చినవాణ్ణి తిట్టాను. మూట విప్పాక ఆ కోపం పోయింది. ఇప్పుడు ఉత్త ఏడుపే ఉంది. ఇదే నాకు నయం. నా మొగుడు నన్ను వదిలి పోలేదు. నేల ఉందనుకున్నాడు.

ఇదంతా ఆ ఇల్లాలికి చెప్పకు. ఆమె పిల్లలు బతికారు, ఆమెకు ఆ మాట కావాలి. ఉంచుకోనీ. నాకు అక్కర్లేదు.

నువ్వు మాత్రం వచ్చెయ్యి. అక్కడ ఇంక తెడ్డు పట్టవద్దు. నీ కాలూ ఇక్కడిదే. ఒకసారి మొలతాడు పట్టుకుని లాగేవాడు ఉన్నాడు, ప్రతిసారీ ఉండడు. వచ్చేటప్పుడు కామమ్మకు రాయి తేకు. అది ఇప్పుడు అడగడం లేదు.

నాటించే రాయి మీద మీ బావ పేరు వద్దు. ప్రాణమిచ్చాడని వద్దు. రేవు మెట్ల దగ్గర, పడవ ఎక్కే ప్రతివాడి కంటికీ ఆనేట్టు, చదువు రానివాడికి ఎవరైనా చదివి చెప్పేట్టు పెద్ద అక్షరాలతో ఇది చెక్కించమను:

'ఇక్కడ కాలికి నేల అందదు. పడవ దిగవద్దు.'

నీ అక్క,
ఆదిశేషమ్మ.